క్లాసులు మానేయడమా, వీపు తిప్పి నిలబడటమా?

2015లో కేంద్రం బీజేపీకి చెందిన నటుడు గజేంద్ర చౌహాన్‌ను పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఛైర్మన్‌గా నియమిస్తే, విద్యార్థులు 139 రోజులు క్లాసులు మానేశారు. చాలా తెగువ కావాలి దానికి. కానీ నష్టపోయింది వాళ్ల చదువే. 2016 జనవరిలో ఆయన బాధ్యతలు తీసుకున్నారు.

ఇస్తాంబుల్‌లోని బోవాజిచి యూనివర్సిటీలో 2021 జనవరిలో టర్కీ అధ్యక్షుడు ఎర్దోవాన్ తన పార్టీకి చెందిన మెలిహ్ బులును రెక్టర్‌గా, అంటే యూనివర్సిటీ అధిపతిగా నియమించారు. విద్యార్థులు రోడ్డెక్కారు, అరెస్టులయ్యారు. అధ్యాపకులేమో పాఠాలు చెబుతూనే, పనిరోజుల్లో మధ్యాహ్నం స్నాతకోత్సవ గౌన్లు వేసుకొచ్చి రెక్టర్ భవనానికి వీపు తిప్పి మౌనంగా నిలబడ్డారు. నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. చదువు ఆగలేదు కాబట్టే ఈ నిరసన ఏళ్ల తరబడి నిలిచింది. జులైలో బులును తొలగించారు. వెంటనే ఆయన సహాయకుడు నాజి ఇంజిని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అధ్యాపకులు మళ్లీ వచ్చి వీపు తిప్పి నిలబడ్డారు.