ఐసీఎఫ్ కోచ్ సర్టిఫికెట్: ఒక రెన్యూవల్ కూడా అయ్యాక విజయనగరం నుంచి నా సమీక్ష

ఇక్కడ కోచ్ అంటే పరీక్షలకి తయారుచేసేవారు కాదు; సలహా చెప్పకుండా విని, ప్రశ్నలడిగి, ఎదుటివారు తమ దారి తామే తేల్చుకునేలా చేసేవారు. ముందే చెప్పేస్తాను. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉంటూ, ఉద్యోగం మానేసి దీని మీదే బతుకుదామని కోచ్ ట్రైనింగ్‌లో చేరాలనుకుంటే వద్దు. మనుషులతో పనిపడే ఉద్యోగం చేస్తూ ఆ పని ఇంకాస్త బాగా చేయాలనుకుంటే చేరండి. చేతిలో డబ్బు లెక్కగా ఉంటే పేరున్న సంస్థ కోసం ఖర్చుపెట్టకుండా, మన సెషన్లు విని తప్పులు చూపించే మంచి మెంటర్ కోసం పెట్టండి.

నేను ఇక్కడ ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్స్ చూస్తాను. రెజ్యూమేలు దిద్దడం, ఇంటర్వ్యూలకి తయారుచేయడం, ఆఫర్ రాని పిల్లల తల్లిదండ్రులకి సర్దిచెప్పడం నా పని. కోవిడ్ రోజుల్లో పాత విద్యార్థుల ఫోన్లు ఎక్కువయ్యాయి. ఉద్యోగం మారాలా, ఊళ్లోనే ఉండిపోవాలా, ఎం.టెక్. చేయాలా అని అడిగేవారు. నేను చెప్పేదాన్ని, వాళ్లు "సరే మేడమ్" అనేవారు. వారం తిరక్కుండా మళ్లీ అదే ప్రశ్నతో ఫోన్. 2021లో నేను ట్రైనింగ్‌లో చేరడానికి కారణం ఇదే. రెండో ఆదాయం వస్తుందన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ప్రభుత్వ లైసెన్సేమీ అక్కర్లేదు. రెండు రోజుల వర్క్‌షాప్ చేసి "లైఫ్ కోచ్" అని కార్డు కొట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్ దారి ఎంచుకున్నాను. 1995లో థామస్ లెనార్డ్ అమెరికాలో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటిది ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్): 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం. తరువాత పీసీసీకి (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్) 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. చివరిది ఎంసీసీ (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్), దానికి 2,500 గంటల అనుభవం కావాలి. నాది ఏసీసీ. ఐసీఎఫ్ స్వయంగా పాఠాలు చెప్పదు, సంస్థలకి గుర్తింపు ఇస్తుంది. 2022 నుంచి ఆ గుర్తింపుని లెవెల్ 1, 2, 3 అని పిలుస్తున్నారు. ఏసీసీకి లెవెల్ 1 చాలు.

క్లాసులు శని, ఆదివారాలు ఆన్‌లైన్‌లో జరిగేవి. ఫీజు లక్ష దాటింది. పాఠం బాగానే చెప్పారు. ఎనిమిది కోర్ కాంపిటెన్సీలు, అంటే కోచ్‌కి ఉండాల్సిన ముఖ్య నైపుణ్యాలు ఉంటాయి, వాటి చుట్టూనే అంతా తిరుగుతుంది. సెషన్ మొదట్లోనే "ఈ గంట అయ్యేసరికి మీకు ఏం తేలాలి?" అని అడిగి ఒప్పందం చేసుకోవడం ఒక్కటి నేర్చుకున్నా నా ఉద్యోగానికి చాలా పనికొచ్చింది. ఇప్పుడు తల్లిదండ్రులతో మీటింగులు కూడా అలాగే మొదలుపెడతాను, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. నచ్చనిది ఏమిటంటే ఉదాహరణలన్నీ కార్పొరేట్ ఆఫీసులవే. బాస్‌తో పడట్లేదు, ప్రమోషన్ రాలేదు, వర్క్-లైఫ్ బ్యాలెన్స్ లేదు. నా దగ్గరికొచ్చే అమ్మాయికి బెంగళూరులో ఆఫర్ ఉంటుంది, ఇంట్లో సంబంధాలు చూస్తుంటారు, తమ్ముడి ఫీజు ఆమె జీతం మీద ఆధారపడి ఉంటుంది. "నీకు ఏం కావాలి?" అని అడిగితే ఆ అమ్మాయి చెప్పే జవాబులో నలుగురు మనుషులుంటారు. ఆ నలుగుర్నీ పక్కన పెట్టమని కాకుండా, నలుగురితో కలిపే ఎలా ఆలోచించాలో క్లాసులో చెప్పలేదు. అది నేను సెషన్లు చేస్తూ నేర్చుకున్నదే.

ఇంట్లో మా అత్తగారికి అసలు విషయం వివరించాను. సలహా చెప్పకూడదు, వినాలి, ప్రశ్న అడగాలి అని. "ఊరికే ఇనడానికి డబ్బులిస్తారేటి?" అన్నారు. 100 గంటలు పూర్తిచేయడానికి కూర్చున్నాక ఆవిడ ప్రశ్న ఎంత సూటిగా ఉందో తెలిసింది.

ఆ 100 గంటల్లో 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. కనీసం ఎనిమిది మంది క్లయింట్లు ఉండాలి. మన ఊళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ట్యూషన్‌కి ఫీజు ఇస్తారు, జాతకం చెప్పినవారికి తాంబూలంలో పెట్టి ఇస్తారు, మాట్లాడినందుకు ఇవ్వరు. ఇచ్చినా "మీరు మనవాళ్లే కదా మేడమ్" అంటారు. అయితే నిబంధనలో ఒక వెసులుబాటు ఉంది. ఎంత తీసుకోవాలన్న లెక్క లేదు, డబ్బుకి బదులు వస్తువో సేవో తీసుకున్నా చెల్లుతుంది. బొబ్బిలి వైపు నుంచి ఓ టీచర్ గారు నాకు రెండు బస్తాల సువర్ణరేఖ మామిడిపళ్లు పంపారు. లాగ్‌లో వాటిని పెయిడ్ అనే రాశాను.

లాగ్ అంటే క్లయింట్ పేరు, ఈమెయిల్, తేదీలు, గంటలు రాసుకునే పట్టిక. ఆడిట్‌లో అడిగితే చూపించాలి. క్లయింట్ ఒప్పుకోకుండా పేరు రాయకూడదు. విజయనగరంలో ఎవరికి ఎవరైనా ఒక్క చుట్టరికం దూరంలోనే ఉంటారు. ఓ నర్సింగ్ హోమ్ మేనేజర్ తన పేరు ఎక్కడా కనపడకూడదన్నారు, ఆ గంటలు వదులుకున్నాను. కలిసే చోటు కూడా సమస్యే. అయ్యకోనేరు చెరువు గట్టున మాట్లాడుకుంటే సాయంత్రానికి ఊళ్లో మూడు లాంతర్ల సెంటర్ దాకా తెలిసిపోతుంది. అందుకే పక్క వీధిలో ఉన్నవాళ్లతో కూడా ఫోన్‌లోనే చేశాను. నిజానికి నాకు బాగా కుదిరిన క్లయింట్లు ఇక్కడివాళ్లే గానీ ఇక్కడ ఉండేవాళ్లు కారు. హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు. తెలుగులో, అదీ మన యాసలో మాట్లాడే కోచ్ దొరికితే ఫోన్‌పేలో అడిగినంత పంపారు.

ఇక మెంటర్ కోచింగ్. ఏసీసీకి 10 గంటలు, కనీసం మూడు నెలలకి తగ్గకుండా చేయాలి. అందులో ఏడు గంటల వరకూ గుంపుగా చేయొచ్చు, మిగతావి ఒక్కొక్కరితోనే. మెంటర్ మన సెషన్ రికార్డింగ్ విని, ఎక్కడేం జరిగిందో చూపిస్తారు. నాకు హైదరాబాద్‌లో తెలుగు వచ్చిన మెంటర్ దొరికారు. నేను తెలుగు సెషన్లే పంపాను. ఆవిడ ఒక రికార్డింగ్ ఆపి, "మీరిప్పుడు అడిగింది ప్రశ్నా, సలహానా?" అన్నారు. నేను క్లయింట్‌ని అడిగింది "అమ్మతో ఒకసారి కూర్చుని మాట్లాడితే ఎలా ఉంటుందంటారు?" అని. చివర ప్రశ్న గుర్తు ఉందే గానీ అది నా సలహాయే. ఆ తరువాత "ఇక్కడ ఆమె నాలుగు సెకన్లు ఆగింది. మీరు ఎందుకు మాట్లాడేశారు?" అన్నారు. అరవై గంటల క్లాసులో ఇవన్నీ స్లైడ్ల మీద చూశాను. నా గొంతులో విన్నప్పుడే బుర్రకెక్కాయి. ఈ ఒక్క భాగానికి ఎంత పెట్టినా దండగ కాదు. గుంపు గంటలు చవకని ఏడూ వాడేయకండి. వీలైనన్ని విడిగా తీసుకోండి, మెంటర్ మీ భాష వింటారో లేదో ముందే అడగండి.

పరీక్ష సంగతి క్లుప్తంగా. నేను 2022 చివర్లో రాసినప్పుడు 81 సందర్భాలు ఇచ్చి, ఒక్కోదానికి నాలుగు జవాబుల్లో అన్నిటికన్నా మంచిదీ, అన్నిటికన్నా చెడ్డదీ గుర్తించమన్నారు. 600కి 460 వస్తే పాస్. తరువాత ఏసీసీకి విడిగా పరీక్ష తెచ్చారు, కాబట్టి పాత ప్రశ్నలు కొనుక్కోకండి. ఇంటి నుంచే కెమెరా ముందు రాయొచ్చు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఇన్వర్టర్ బ్యాటరీ ముందురోజే చూసుకోవాలి. పైడితల్లి పండగ రోజుల్లో మైకులుంటాయి, ఆ వారం మాత్రం బుక్ చేసుకోవద్దు.

సర్టిఫికెట్ వచ్చాక క్లయింట్లు వాళ్లంతట వాళ్లే వస్తారని ట్రైనింగ్ సంస్థ సేల్స్ వాళ్లు చెప్పారు. ఒక్కరు కూడా ఆ బ్యాడ్జి చూసి రాలేదు. వచ్చినవాళ్లంతా ఒకరు చెబితే మరొకరు వచ్చినవారే. పెట్టిన ఫీజు తిరిగొచ్చింది, అంతే. ఆ పైన మూడేళ్లకోసారి రెన్యూవల్. 40 యూనిట్ల నిరంతర శిక్షణ, ఏసీసీ వాళ్లయితే మళ్లీ 10 గంటల మెంటర్ కోచింగ్. యూనిట్లలో కనీసం మూడు ఎథిక్స్ మీద ఉండాలి. చాలామంది మొదటి ఖర్చు చూస్తారు గానీ ఈ రెండోది లెక్కలో వేసుకోరు.

ఎథిక్స్ పాఠం మొదట బోరనిపించింది. అయితే అన్నిటికన్నా ముందు అక్కరకొచ్చింది అదే. ఆర్మీ రిక్రూట్‌మెంట్‌లో ఎంపిక కాని ఓ కుర్రాడు సెషన్ మధ్యలో బతకాలని లేదన్నాడు. అది కోచింగ్‌తో తేలే విషయం కాదు. అక్కడితో ఆపి, అతని అనుమతితో వాళ్ల అన్నయ్యకి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించి, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి పంపాను. కోచ్ అనే ఎవరికైనా డబ్బిచ్చే ముందు, ఇలాంటప్పుడు మీరేం చేస్తారని అడగండి. "నేనే చూసుకుంటాను" అంటే అక్కడ డబ్బు కట్టకండి.

పీసీసీకి వెళ్తావా అని తోటివాళ్లు అడుగుతున్నారు. 500 గంటల్లో 450 పెయిడ్ ఉండాలి. కాలేజీలో పిల్లలతో చేసేది జీతంలో భాగమే అయినా అన్నీ కోచింగ్ గంటలు కావు. మామిడిపళ్లతో అంత దూరం పోలేను. ప్రస్తుతానికి ఏసీసీ రెండో రెన్యూవల్ గంటలు మాత్రం అదే మెంటర్ దగ్గర మొదలుపెట్టాను.