ఫియట్‌కి ఏసీ పెట్టించాను: నాలుగు వేసవుల తర్వాత

ఫియట్‌కి ఏసీ పెట్టించుకోవాలని మనసులో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట చెప్పేస్తాను. డబ్బుంటే పెట్టించుకోండి, వద్దనడానికి నేనెవణ్ని. ముందు డోర్లకు ఉండే మూడు మూలల చిన్న అద్దాలను మాత్రం మూయించకండి. నేను మూయించాను. దానికి షాపువాడు తీసుకున్నది 600 రూపాయలు. మళ్లీ తెరిపించుకోవడానికి నాకు ఏడాదిన్నర, 2,300 రూపాయలు, ఒక హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైమూత కింద ఉండే సీలు) పట్టాయి.

బండి 1991 ప్రీమియర్ పద్మిని, ఏపీ 04 నంబరు. కడపలో దాన్ని పద్మిని అని ఎవరూ అనరు, ఫియట్టే. 2019లో ప్రొద్దుటూరులో ఒక డాక్టరు గారి షెడ్డులో బస్తాల వెనక ఉంటే 70 వేలకు తెచ్చుకున్నాను. ఇంజను, బ్రేకుల సంగతులు ఈ బండి మీద మోజున్నవాళ్లకు నాకంటే బాగా తెలుసు, రాయను. స్టీరింగ్ పక్కన ఉండే గేరు తీసేసి కింద పెట్టించమని చాలామంది చెప్పారు. వినలేదు, మంచి పని చేశాను. ముందర బెంచీ సీటు, మధ్యలో అడ్డమేమీ లేదు, మా అమ్మ సంచీలు సర్దుకొని హాయిగా కూర్చుంటుంది.

బండిని నిలబెట్టడానికి లక్షన్నర అనుకున్నాను. 2,01,000 అయింది. అందులో టింకరింగ్ (రేకు పని), పెయింటుకే 1,14,000. మిగతా పనులకు ముందే ఒక లెక్క వేసుకోవచ్చు. ఇంజను బోరింగ్‌కి 46,500 అన్నారు, అంతే అయింది. సీట్లు 16,000, వైరింగ్ 11,500, బంపర్ల నికెల్ పాలిష్ వగైరా 13,000, ఇవీ అటూ ఇటూగా చెప్పినంతే. టింకరింగ్ అలా కాదు. కాళ్ల కింది రబ్బరు మ్యాటు ఎత్తగానే రేకు కూడా దాంతోపాటే వచ్చేసింది. కింద షెడ్డు నేల కనిపించింది. ఆ రోజు నుంచి మేస్త్రీ ఏ మూల గోకినా ఇంకో నాలుగు వేలు. పాత బండి కొనేవాళ్లు పెయింటు మెరుపు చూడొద్దు, మ్యాటు ఎత్తి చూడండి.

ఇక ఏసీ. 2021లో బండి రోడ్డెక్కింది. ఆ ఎండాకాలమే మా అమ్మాయి "నాన్నా, పెనం మీద కూర్చున్నట్టుంది" అంది. అమ్మకు అప్పటికే 70 దాటాయి. కడప ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, మే నెల వస్తే 42, 43 మామూలే. 2022 మార్చిలో ఊళ్లోనే ఒక ఏసీ షాపులో 44,000కి బిగించారు. మారుతి కారు కంప్రెసరు, దానికి లేత్‌లో చేయించిన బ్రాకెట్, రేడియేటరు ముందర ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ, అంటే కండెన్సరు, డ్యాష్‌బోర్డు కింద చల్లగాలి కొట్టే నల్ల పెట్టె. పైపుల కోసం ఇంజనుకూ లోపలికీ మధ్య ఉన్న రేకుకు రెండు బెజ్జాలు వేశారు. ఆ బెజ్జాలు వేసేటప్పుడు నేను బయటికి వెళ్లి టీ తాగొచ్చాను, చూడబుద్ధి కాలేదు.

మా ఇంజను మేస్త్రీ భాయ్ ముందే అన్నాడు: "సార్, ఇది నలభై గుర్రాల బండి. ఏసీ వేస్తే నాలుగు గుర్రాలు దానికే పోతాయి. మిగిలినవి ఐదుగురిని లాగాలి." నవ్వి ఊరుకున్నాను.

ఆ మూడు మూలల అద్దం మూయించడం ఏసీ షాపువాడి సలహా. దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండిపోయి ఉంది, చల్లదనం అక్కడే కారిపోతుందన్నాడు. పిడి ఊడదీసి, చుట్టూ సిలికాన్ పెట్టి, రబ్బరు నొక్కేశాడు. చూడ్డానికి నీటుగానే ఉండింది.

మొదటి వేసవిలో దొరికినవాళ్లందరికీ నేను చెప్పిన కథ ఒకటుంది. 41 డిగ్రీల రోజున ప్రొద్దుటూరుకు వెళ్తుంటే దారిలో అమ్మ శాలువా అడిగిందని. శాలువా అడిగిన మాట నిజమే. మేం బయల్దేరింది మాత్రం పొద్దున ఆరున్నరకు, ఎనిమిదికల్లా చేరిపోయాం. 41 అన్నది మర్నాడు పేపర్లో చూసిన మధ్యాహ్నపు లెక్క. పైగా ఆ నల్ల పెట్టె గాలి నేరుగా అమ్మ మోకాళ్ల మీదికే కొడుతుంది, వెనక సీట్లో ఉన్నవాళ్లకు చెమట పడుతూనే ఉంది. ఈ సంగతులు అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

ఏసీ ఒక్కటే రాదు, బంధుబలగంతో వస్తుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు కలిపి వేస్తే లైట్లు కిరసనాయిలు దీపాల్లా అయ్యేవి. పెద్ద ఆల్టర్నేటరు, 8,500. అప్పటికే బ్యాటరీ చచ్చింది, 4,800. కంప్రెసరు అందుకున్నప్పుడల్లా ఇంజను అదిరి అదిరి దాన్ని మోసే రబ్బరు మౌంటింగులు చీలాయి, 2,600. ఇవన్నీ మొదటి ఏడాదివే. అయినా నాకు ఏసీ మీద కోపం రాలేదు. రాయచోటి దారిలో ఉన్న గువ్వలచెరువు ఘాటు దాకా రాలేదు.

2023 మే. రాయచోటిలో మా ఆవిడ తరఫు పెళ్లి. ఎండ తగ్గాక పోదామని నేనంటే, సాయంత్రం రిసెప్షనుకు ముందే ఉండాలని వాళ్లు. బండిలో నేను, మా ఆవిడ, అమ్మ, అమ్మాయి, మా బావమరిది, డిక్కీ నిండా సామాను. చింతకొమ్మదిన్నె దాటేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఏసీ ఫుల్లు. ఘాటు మొదలయ్యాక రెండో గేరులోకి వచ్చాను. ముందర సిమెంటు లోడు లారీ, దాటే దారి లేదు. దాని వెనకాలే నడక వేగంలో రెండు మలుపులు ఎక్కాను. టెంపరేచర్ ముల్లు చూడలేదు. చూసి ఉంటే ఈ సమీక్ష ఇంకోలా ఉండేదేమో.

మూడో మలుపులో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక వస్తున్న ఇంకో లారీ క్లీనరు కుర్రవాడు ఎవరూ చెప్పకుండానే దూకి, మా వెనక చక్రం కింద రాయి పెట్టాడు. ఆ పిల్లవాడికి నేను థాంక్స్ కూడా చెప్పలేదని రాత్రి గుర్తొచ్చింది.

నేను అనుకున్నది ఎండాకాలంలో ఫియట్టుకు వచ్చే పాత జబ్బే అని. పెట్రోలు పంపు ఇంజనుకే అంటుకొని ఉంటుంది కాబట్టి, వేడెక్కితే అందులో పెట్రోలు ఆవిరవుతుంది, పంపు ఆవిరిని లాగలేక ఊరికే కొట్టుకుంటుంది. దానికి మందు తడిగుడ్డ. డిక్కీలో ఎప్పుడూ ఒక పాత తువ్వాలు ఉంటుంది. తడిపి పంపు మీద చుట్టి, ఇరవై నిమిషాలు ఆగి, సెల్ఫ్ కొడితే స్టార్టయింది. గెలిచాననుకున్నాను. వంద గజాలు పోకముందే బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి, తియ్యటి కూలెంట్ వాసన. ఆ వేడి రేడియేటరు దగ్గరికి పోనివ్వలేదు.

ఆ వెనక లారీ డ్రైవరు కూడా పక్కన ఆపి దిగాడు. యాభై ఏళ్ల మనిషి. బానెట్ లోపలికి తొంగి చూసి, "ముందర ఇదొక జాలీ, దానెనక ఇంకో జాలీ. ఇంజనుకు గాలి యాడ్నుంచి రావాల, అన్నా?" అన్నాడు. నిజమే. కండెన్సరు వేడిచేసి పంపిన గాలే రేడియేటరుకు అందుతోంది. బండి నెమ్మదిగా పోతే ఆ గాలీ ఉండదు. తర్వాత డోరు దగ్గరికొచ్చి ఆ చిన్న అద్దాన్ని వేలితో నొక్కి చూశాడు. కదల్లేదు. "ఫియట్టుకు ఇదే గదన్నా ఏసీ. దీన్నే మూసిపెట్టినారే. ల్వాపల అవ్వ ఉడికిపోతాంది సూడు."

గంటన్నర ఆగి, ఏసీ ఆపేసి, రెండు మూడు చోట్ల నిలబెట్టుకుంటూ గువ్వలచెరువు ఊళ్లోకి చేర్చాను. ఇంట్లోవాళ్లు అక్కడ పాలకోవా తింటూ బస్సు కోసం కూర్చున్నారు. నాకు పెట్టిన కోవా అట్లాగే చేతిలో ఉండిపోయింది. పెళ్లికి వాళ్లు బస్సులో వెళ్లారు, నేను బండి దగ్గరే ఉండి మర్నాడు క్యారియర్ మీద కడపకు తెచ్చాను. 3,500. గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంకర తిరిగింది, లేత్‌లో ఫేసింగ్ (చదును) చేయించి బిగించేసరికి 14,000. మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే రేడియేటరుకు పెద్ద కోరు 9,500, కరెంటు ఫ్యాను 3,200, దానికి రిలే వైరింగు 3,400. ఏసీ 44,000, దాని పరివారం 49,500. బిగించేటప్పుడు నాకు చెప్పింది మొదటి అంకె ఒక్కటే.

మూడు నెలలు బండి తీయలేదు. ఆ తర్వాత లారీ డ్రైవరు మాట గుర్తొచ్చి, భాయ్‌తో ఆ అద్దాలు తెరిపించాను. కొత్త బీడింగ్, పిడి ముంబయి నుంచి వచ్చాయి. ఇన్నాళ్లూ ఈ బండి స్పేర్లు దొరికాయంటే అక్కడి టాక్సీల పుణ్యమే. ఆ నెలలోనే, 2023 అక్టోబరులో, అక్కడ చివరి నలుపు పసుపు ఫియట్ టాక్సీ కూడా రోడ్డు దిగింది. స్పేర్లు అమ్మే ఆయన ఫోన్లో "రెండు సెట్లు తీసుకోండి, మళ్లీ అడిగితే ఉండవు" అన్నాడు. నేను ఒకటే తీసుకున్నాను. పొరపాటు చేశాను.

ఆ అద్దం చేసే పని అది లేని కార్లు నడిపినవాళ్లకు చెప్పినా అర్థం కాదు. కొంచెం తెరిస్తే లోపలి వేడిని, మా బావమరిది సిగరెట్టు పొగతో సహా, బయటికి లాగేస్తుంది. సగం దాటి పూర్తిగా తిప్పితే బయటి గాలి ఆ అద్దానికి తగిలి, మలుపు తిరిగి, నేరుగా గుండెల మీదికి వస్తుంది. నలభై వేగం చాలు. ఫ్యాను లేదు, శబ్దం లేదు, బెల్టు లేదు. చొక్కా రెండో గుండీ దగ్గర కొట్టాలా, మొహం మీద కొట్టాలా అన్నది పిడి ఒక్క వేలితో తిప్పి చూసుకోవచ్చు. అమ్మ మొదటిసారి తన వైపు అద్దం తిప్పుకొని "ఇది ఇన్నాళ్లూ ఏమైంది రా?" అంది. ఏం చెప్పాలి?

నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఆ అద్దం తిప్పితే వచ్చేది వడగాలే. పొయ్యి ముందర కూర్చున్నట్టు ఉంటుంది. అప్పుడు దాన్ని పొగడలేను. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు దాటాక మాత్రం దాని ముందు ఏ ఏసీ పనికిరాదు. నా తిరుగుడంతా ఎక్కువగా ఆ వేళల్లోనే కాబట్టి నాకు సరిపోయింది. మధ్యాహ్నాలు తిరగాల్సిన ఉద్యోగమైతే ఇంకోలా రాసేవాణ్ని.

బీడింగుతోపాటు పెట్రోలు రబ్బరు పైపులన్నీ మార్పించాను. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు ఆగదని భాయ్ పట్టుబట్టాడు. అది ఏసీ ఖాతాలో రాయలేదు.

కాగితాల ఖర్చు కూడా చూసుకోండి. 2021లో రిజిస్ట్రేషను రెన్యువల్ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకు 5,000 చేశారు. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటినవాటికి 10,000 అన్నారు. నా బండి రెన్యువల్ 2026లో. యాభై ఏళ్లు నిండితే వింటేజ్ కింద రాయించుకోవచ్చు, కానీ ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. 2041లో ఎవరైనా వచ్చి ఆ రెండు బెజ్జాలేమిటని అడిగితే ఏమని చెప్పాలో ఇప్పటినుంచే ఆలోచిస్తున్నాను.

మొత్తం, కొన్న ధర, అద్దాలు మూయించి తెరిపించిన ఖర్చు కలిపి, 3,67,400. బండి మీద పెట్టిన 2,01,000కి నాకు బాధ లేదు. ఏసీని పూర్తిగా తిట్టలేను కూడా. పెద్ద రేడియేటరు పడ్డాక చదును రోడ్డు మీద బాగానే లాగుతోంది. మొన్న మేలో అమ్మను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చినప్పుడు, పదకొండు గంటల ఎండలో అదే ఆదుకుంది. ఘాటు ఎక్కేటప్పుడు ఆపేస్తాను. మీ ఊరి చుట్టూ ఘాట్లు లేకపోతే, ముందు రేడియేటరు పెద్దది చేయించి ఆ తర్వాత ఏసీ బిగిస్తే, నాకైనంత కాకపోవచ్చు. భాయ్‌ని అడిగితే మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాడు.

పోయిన నెల నుంచి ఏసీలో గ్యాసు తగ్గింది. నింపడానికి 1,800 అడుగుతున్నారు. నల్ల పెట్టె మీద అమ్మ కళ్లద్దాల పెట్టె, వక్కపొడి డబ్బా పెట్టుకుంటోంది. మార్చి దాకా చూద్దామని ఊరుకున్నాను.