బోరు నీళ్ల అక్వేరియంలో వెనక వరస మొక్కలు: నాలుగు రకాలు తెస్తే ఏది నిలబడింది?

మాది కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. హాల్లో రెండడుగుల ట్యాంకు, అందులో గప్పీలు, నాలుగు ప్లాటీలు. వెనకాల అంటించిన నీలం సీనరీ పేపరు అంచులు ఊడి చుట్టుకుపోవడంతో, ఈసారి నిజం మొక్కలే పెడదామని షాపుకెళ్లా. కబొంబా, అంబూలియా, హార్న్‌వర్ట్, వాలిస్‌నేరియా చూపించాడు. మొదటి మూడూ నా కళ్లకి ఒకే నక్కతోకలా కనిపించాయి. ఏదీ తేల్చుకోలేక, కట్ట 50 రూపాయల చొప్పున అన్నీ తెచ్చేశా. కబొంబా అయితే బాగుందని రెండు కట్టలు. 8 నెలలైంది, ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందు పేర్ల సంగతి. కబొంబా అని ఇచ్చిన రెండు కట్టల్లో ఒకటి అంబూలియానే. ఇంట్లో తెల్ల కంచంలో నీళ్లు పోసి ఒక్కో కాడా పరిచి చూస్తేగానీ తెలియలేదు. కబొంబాకి కణుపుకి రెండే ఆకులు, ఎదురెదురుగా. ప్రతి ఆకుకీ చిన్న తొడిమ, దాని చివర ఆకు విసనకర్రలా విచ్చుకుంటుంది. అంబూలియాకి తొడిమ ఉండదు. కాడ చుట్టూ చక్రంలా ఆకులు నేరుగా పుట్టుకొస్తాయి. హార్న్‌వర్ట్‌ని చూడక్కర్లేదు, తడిమితే చాలు, గరగరలాడుతుంది. మీరూ కొనేముందు ఒక కాడ పైకి తీయించి చూడండి, షాపువాడు విసుక్కున్నా సరే.

చూడ్డానికి అన్నిట్లోకీ అందగత్తె కబొంబాయే. కానీ మా బోరు నీళ్లకి కెటిల్ అడుగున నెలకోసారి తెల్ల పొర కడుతుంది, అంటే సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు. చుక్కల మందుతో చూస్తే పీహెచ్ 8 దగ్గర ఉంది, అంటే పులుపు కాదు, క్షారం వైపు. కబొంబాకి మెత్తటి నీళ్లు, కాస్త పులుపు వైపున్న నీళ్లు కావాలి. మూడు వారాల్లో కింది ఆకులన్నీ రాలి ఫిల్టరు స్పాంజికి పట్టాయి. మిగిలినవి బోడి కాడలు. తప్పు మొక్కది కాదులెండి, ఆర్వో నీళ్లు కలిపి పెంచే ఓపిక ఉంటే తీసుకోండి.

అదే నీళ్లలో, అదే మామూలు ఎల్ఈడీ కింద అంబూలియా మాత్రం బతికింది. కబొంబా అందం కావాలి, కబొంబా తలనొప్పి వద్దు అనుకునేవాళ్లకి ఇదే మందు. అసలు మన వైపు మొక్కే, దక్షిణాసియాది. కబొంబా అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అంబూలియాతో ఇబ్బందల్లా వెలుతురు చాలకపోతే కణుపుల మధ్య సందు పెరిగి, కింద బక్కగా, పైన గొడుగులా తయారవుతుంది. పదిహేను రోజులకోసారి తలలు కత్తిరించి మళ్లీ ఇసుకలో గుచ్చుతుంటే ఒత్తుగా ఉంటుంది.

హార్న్‌వర్ట్‌కి వేళ్లే ఉండవు, గుచ్చినా పైకి తేలుతుంది. కొత్త ట్యాంకులో పాచి పట్టకుండా నీళ్లలోని ఎరువంతా లాగేస్తుంది, గప్పీ పిల్లలు దాక్కోడానికీ బాగుంటుంది. కానీ సూదుల్లాంటి ఆకులు రాల్చి ప్రాణం తీసింది. భీమవరం నుంచి వచ్చిన మా నాన్న దీన్ని చూసి, "ఏవమ్మా, మన చెరువులో ఇలాంటి నాచు పీకించడానికి కూలిస్తాం, నువ్వు డబ్బులిచ్చి కొన్నావా?" అని ఒకటే నవ్వు. నెల తిరక్కుండా తీసేశా.

ఇక వాలిస్‌నేరియా. రిబ్బన్లలాంటి పొడుగాకులు. నాటిన పది రోజులకి ఆకులన్నీ జావలా కరిగాయి. చచ్చిందనుకుని పీకబోతుంటే మధ్యలో గోరంత పచ్చ మొలక కనిపించి వదిలేశా. నాటేటప్పుడు కట్ట చుట్టూ ఉన్న సీసం పట్టీ తీసేయండి, వేళ్లు మాత్రమే ఇసుకలో ఉండాలి, ఆకులు మొదలయ్యే తెల్ల మొదలు బయటే ఉండాలి. రెండో నెలలో నేనే ఇంకో తప్పు చేశా: ఎవరో చెప్పారని లిక్విడ్ కార్బన్ (మొక్కలకి కార్బన్ అందుతుందని అమ్మే ద్రవం) పోశా. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం ఉండే ఆ మందు దీనికి పడదట, సగం మళ్లీ కరిగింది. మానేశాక చూడాలి దాని జోరు! గట్టి నీళ్లలోని బైకార్బనేటుని కూడా వాడుకోగలదు కాబట్టి మా బోరు నీళ్లు దానికి విందుభోజనం. తీగలు పాకించి తొట్టి వెనకంతా పచ్చ తెర కట్టింది.

ఒకరోజు పొద్దున్న దారంలాంటి కాడ ఒకటి అడుగునుంచి నీటిమట్టం దాకా లేచింది, చివర బియ్యపు గింజంత తెల్ల పువ్వు. కొన్నాళ్లకి ఆ కాడ స్ప్రింగులా చుట్టుకుని కిందికి దిగింది. దీని శాస్త్రీయ నామం వాలిస్‌నేరియా స్పైరాలిస్; ఆ స్పైరాలిస్ అన్న పేరు ఈ మెలిక వల్లే వచ్చిందట. మా ఆయనక్కూడా చూపించా; ఫోను దించి చూశాడు, అదే గొప్ప.

మిగిలిన మొక్కలు కాలవల్లో, చెరువుల్లో పడేయకండి. 2020లో కోళికోడ్ దగ్గర ఒక కాలవ నిండా ఎర్ర కబొంబా గులాబీ రంగులో పూసి జనం ఫొటోలకి ఎగబడ్డారు, కింద నీళ్లలో మాత్రం వేరే మొక్కకి చోటు లేదు. నేను ఆదివారం ఆదివారం పీకిన వాలిస్‌నేరియా పిలకలు షాపుకే ఇచ్చి, బదులు చేపల మేత తెచ్చుకుంటున్నా. మొన్న వెళ్తే గాజు తొట్టిలో తాజా అంబూలియా కట్టలున్నాయి. చీటీ మీద కబొంబా అనే రాసుంది.