కిలిమంజారో, సెరెంగెటి ఒకే ట్రిప్పులో: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవాలి

టాంజానియా వెళ్ళి కిలిమంజారో కొండ ఎక్కి అదే ఊపులో సెరెంగెటి పార్కులో సఫారీ కూడా చేసొద్దాం అనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, డబ్బు దండిగా పెట్టాల్సింది కొండ మీద, చెయ్యి బిగించాల్సింది సఫారీలో. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, కొండకి అయిదు రోజుల చవక ప్యాకేజీ చూసుకుని సెరెంగెటిలో మాత్రం స్విమ్మింగ్ పూల్ ఉన్న లాడ్జి బుక్ చేస్తారు. తీరా కొండ మీద సగంలో తలనొప్పితో వాంతులతో వెనక్కి దిగి, ఆ పూల్ పక్కన మూడీగా కూర్చుంటారు.

మేం వెళ్ళింది నేను, అన్నయ్య, వదిన. ఫిబ్రవరిలో. ఫిబ్రవరి ఎందుకో తర్వాత చెప్తా, ముందు కొండ సంగతి.

ఎత్తు 5895 మీటర్లు. తాళ్ళు, ఐస్ గొడ్డళ్ళు ఏమీ అక్కర్లేదు, మొత్తం నడకే, అందుకే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కానీ పైన ఊపిరి పీలిస్తే మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో సగమే. దానికి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు పడతాయి, జిమ్ముకెళ్ళినంత మాత్రాన ఆ రోజులు తగ్గవు. మా అన్నయ్య జిమ్ మనిషి, వదినకి ఇంటి మెట్లెక్కడం తప్ప వేరే ఎక్సర్‌సైజ్ లేదు, దారిలో లావా టవర్ అనే చోట తలపట్టుకుని కూర్చున్నది మాత్రం అన్నయ్యే. వదిన ఆ రోజు నుంచి ట్రిప్ అయ్యేదాకా "మీ అన్నయ్య బాడీ అంతా షోకేసులో పెట్టుకోడానికే" అంటూనే ఉంది.

రూట్ల విషయానికొస్తే మరంగు రూట్‌కి కోకా కోలా రూట్ అని పేరు, దీంట్లో టెంట్లు ఉండవు, మాండరా, హొరొంబో, కిబో అని మూడు చోట్ల హట్స్ ఉంటాయి, పరుపు మీద పడుకోవచ్చు. వదిన మొదట దీనికే ఓటేసింది. అయిదు రోజుల్లో అయిపోతుంది అనేది దీని ఆకర్షణ, అదే దీని గొడవ కూడా, ఎందుకంటే హొరొంబో 3720 మీటర్లు, మర్నాడే 4720 మీటర్ల కిబో, ఆ రాత్రే శిఖరం. మరంగులోనే వెళ్ళాలి అనుకుంటే హొరొంబోలో ఇంకో రోజు ఆగే ఆరు రోజుల ప్లాన్ తీసుకోండి. పైగా ఎక్కేదీ దిగేదీ ఒకే దారి. మాచమే రూట్ అందంగా ఉంటుంది గానీ జనం ఎక్కువ. రొంగాయ్ ఉత్తరం వైపు, కెన్యా బోర్డర్ దగ్గర నుంచి ఎక్కుతుంది, అటు వాన తక్కువ కాబట్టి సీజన్ అటూ ఇటూగా ఉన్నప్పుడు వెళ్ళేవాళ్ళకి మంచిది. మేం తీసుకుంది పడమటి వైపు లెమోషో, 8 రోజులది. ఖరీదు ఎక్కువే, కానీ నాలాంటి మామూలు మనిషికి పైదాకా చేరే ఛాన్స్ బాగా ఉండేది ఇలాంటి పొడుగు ప్లాన్‌లోనే.

ఇప్పుడు ఖరీదు ఎందుకంత అనేది లెక్క వేసి చూడండి. పార్క్ కన్జర్వేషన్ ఫీజు రోజుకి 70 డాలర్లు, క్యాంపింగ్ రాత్రికి 50, రెస్క్యూ ఫీజు ట్రిప్పు మొత్తానికి 20, దీని మీద 18 శాతం వ్యాట్. 8 రోజుల ట్రెక్‌కి ఇవే దాదాపు 1100 డాలర్లు అవుతాయి, ఒక్క మనిషికి. గైడ్ లేకుండా ఎక్కనివ్వరు కాబట్టి ఆ పైన గైడ్లు, వంటవాడు, పోర్టర్లు, తిండి, టెంట్లు, గేటు దాకా బండి. మరి ఎవరైనా 1400 డాలర్లకే 8 రోజులు తీసుకెళ్తాం అంటే మిగిలిన ఆ 300లో ఎవరి కడుపు కొడుతున్నారో అర్థమవుతుంది కదా. మాకు అలా బాగా తక్కువ చెప్పిన ఒక ఏజెన్సీని పోర్టర్లకి రోజుకి ఎంత ఇస్తారు అని మెయిల్ పెట్టి అడిగితే ఇక జవాబే లేదు. నమ్మకమైన కంపెనీలు 2200 నుంచి 2800 మధ్యలో చెప్తాయి. కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది, పోర్టర్ల జీతాలు, బరువులు, తిండి సరిగ్గా చూసే కంపెనీల లిస్ట్ పెడుతుంది, అందులోంచి ఎంచుకుంటే సగం తలనొప్పి పోతుంది. గేటు దగ్గర ఒక్కో పోర్టర్ మూటని కాటా వేస్తారు, 20 కిలోలు దాటకూడదు. మన డఫెల్ బ్యాగ్ 15 కిలోల లోపు ఉండాలి. మన ముగ్గురి కోసం అంతమంది నడుస్తున్నారేంటి అని మొదటి రోజు సిగ్గేసింది, టెంట్లు, గ్యాస్, వారం పైన సరిపడా కూరగాయలు, అన్నీ తల మీదే కదా వెళ్ళేది.

నడక గురించి పెద్దగా వర్ణించను. మొదటి రోజు అడవి, తెల్లతోక కొలోబస్ కోతులు, తర్వాత షిరా పీఠభూమి, అక్కడ నుంచి చెట్టూ చేమా తగ్గిపోతాయి. గైడ్ ఎప్పుడూ "పోలే పోలే" అంటాడు, మెల్లగా మెల్లగా అని, మనం ఎంత మెల్లగా నడుస్తున్నాం అనుకున్నా అతనికి ఇంకా స్పీడే. లావా టవర్ రోజు మాత్రం బాగా గుర్తుంది. 4600 మీటర్ల దాకా ఎక్కించి, అక్కడ భోజనం పెట్టించి, మళ్ళీ 3900 చిల్లర ఎత్తులో ఉన్న బరాంకో క్యాంపుకి దింపేస్తారు. ఎక్కింది దిగడం ఎందుకురా బాబూ అనిపిస్తుంది గానీ పగలు ఎత్తుకి ఎక్కి రాత్రి కింద పడుకుంటేనే ఒళ్ళు అలవాటు పడుతుంది, పొడుగు రూట్‌కి మనం ఇచ్చే డబ్బు ఇందుకే. అన్నయ్య తలనొప్పి కూడా బరాంకో చేరేసరికి తగ్గింది. దిగే దారిలో మనిషికంటే ఎత్తుగా, కొసన ఆకుల గుత్తులతో సెనీసియో చెట్లు ఉంటాయి, వేరే గ్రహం మీద దిగినట్టు. మర్నాడు బరాంకో వాల్, చేతులూ కాళ్ళూ పెట్టి పాకాలి, ఫోటోల్లో చూసి భయపడినంత లేదు, వదినకి ట్రెక్ మొత్తంలో బాగా నచ్చింది అదే.

తిండి బాగుంది, శాకాహారం అని ముందే చెప్తే చక్కగా చేస్తారు. రకరకాల సూపులు, చపాతీ, కూరగాయల స్టూ, సాయంత్రం టీతో పాప్‌కార్న్. ఉగాలి అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంగటికి చుట్టమే, మేం తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి దాంట్లో కలుపుకుని తింటుంటే వంటాయన కూడా ఒక ముద్ద రుచి చూసి ఇంకోటి అడిగాడు. 4000 దాటాక ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు ఆ పచ్చడి, కారప్పొడే కాపాడాయి.

టాయిలెట్ విషయం ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. క్యాంపుల్లో ఉన్న గుంట టాయిలెట్లు కొన్ని చోట్ల ఘోరం. ప్రైవేట్ టాయిలెట్ టెంట్ అద్దెకి ఇస్తారు, మనిషికి పంచుకుంటే పెద్ద మొత్తం కాదు, మిగతా అన్నింట్లో పిసినారితనం చేయండి గానీ దీంట్లో వద్దు. అర్ధరాత్రి చలిలో రాళ్ళ మధ్య టార్చ్ పట్టుకుని దూరం నడిచే బాధ తప్పుతుంది.

ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్రలు వేసుకోవాలా వద్దా అంటే మీ డాక్టర్నే అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు అయితే ఆ మాట ముందే చెప్పాలి. మేం వేసుకున్నాం, వేళ్ళ కొసలు తిమ్మిర్లు, రాత్రి నాలుగుసార్లు లేవడం. ఆ టాయిలెట్ టెంట్ విలువ అప్పుడే తెలిసేది.

కరంగా లోయ తర్వాత పైన నీళ్ళు దొరకవు, శిఖరానికి ముందు ఆఖరిదైన బరాఫు క్యాంపులో మనం తాగే ప్రతి గ్లాసూ పోర్టర్లు కింది నుంచి మోసుకొచ్చిందే, కాబట్టి అక్కడ మొహం కడుక్కోడానికి వేడినీళ్ళు అడక్కండి. బరాఫు నుంచి అర్ధరాత్రి బయల్దేరతారు. చలి మైనస్ పది, ఒక్కోసారి ఇంకా కింద. వాటర్ బ్యాగ్ పైపులో నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి సీసాలు తలకిందులుగా సాక్సులో చుట్టి పెట్టుకోవాలి. గంటలకొద్దీ ముందు మనిషి బూట్లు తప్ప ఏమీ కనపడవు. స్టెల్లా పాయింట్ దగ్గర క్రేటర్ (అగ్నిపర్వతం నోరు) అంచుకి చేరాక అసలు శిఖరం ఉహురు పీక్‌కి ఇంకో గంట. పైన బోర్డు దగ్గర ఫోటోకి క్యూ ఉంటుంది, అవును, తిరుమలలోనే కాదు. అసలు కష్టం ఎక్కడం కన్నా దిగడంలోనే నాకు ఎక్కువ, 5895 నుంచి 3100 దగ్గరున్న మ్వేకా క్యాంపుకి అదే రోజు దిగాలి, మోకాళ్ళు ఏడుస్తాయి. ట్రెకింగ్ కర్రలు లేకుండా రాకండి. కర్రలు, స్లీపింగ్ బ్యాగ్, డౌన్ జాకెట్ కొండ దగ్గరి ఊరు మోషీలో అద్దెకి దొరుకుతాయి, బూట్లు మాత్రం మనవే, బాగా తొడిగి అరిగినవే ఉండాలి.

ప్రాక్టీసుకి కేబీఆర్ పార్క్ వాకింగ్ చాలదు. అలిపిరి మెట్లు ఎక్కి దిగండి, ముఖ్యంగా దిగండి. హైదరాబాద్ వాళ్ళకి భువనగిరి కోట దగ్గరే ఉంది. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ బండ మీదే, తర్వాత ఆ అమ్మాయి కిలిమంజారో కూడా ఎక్కింది.

సఫారీ ముందా కొండ ముందా అంటే నా ఓటు కొండకే. సఫారీలో దుమ్ము, కొత్త తిండి, ఎవరికో కడుపు పాడైతే ఆ తర్వాత ట్రెక్ మొత్తం గోవిందా. కొండ దిగాక జీపులో కూర్చుని జంతువుల్ని చూడడం కంటే మోకాళ్ళకి మంచి మందు లేదు. మోషీ, అరూషా రెంటిలో ఎక్కడ దిగాలి అని అడుగుతారు, ఎయిర్‌పోర్ట్ రెంటికీ మధ్యలోనే ఉంది. కొండకి మోషీ, చిన్న ఊరు, చవక, మబ్బు లేకపోతే పొద్దున్నే కొండ కనిపిస్తుంది. సఫారీకి అరూషా. రెండు ఊళ్ళలోనూ రోడ్డు మీద వెంటపడి టూర్లు, టాంజనైట్ రాళ్ళు అమ్మేవాళ్ళు ఉంటారు, నవ్వి ముందుకెళ్ళిపోవడమే, రాయి కొనాలంటే సర్టిఫికెట్ ఇచ్చే షాపులోనే.

ఫిబ్రవరి ఎందుకంటే, అప్పుడు కొండ మీద వాన తక్కువ, అదే టైంలో వైల్డ్‌బీస్ట్ (ఆవులాంటి అడవి జంతువులు) మందలు సెరెంగెటికి దక్షిణాన ఎన్‌డూటు మైదానాల్లో ఈనుతుంటాయి. జూలై నుంచి అక్టోబర్ కూడా కొండకి మంచిదే కానీ అప్పుడు మందలు ఉత్తరాన మారా నది వైపు ఉంటాయి, రోడ్డు మీద అంత దూరం వెళ్ళిరావడానికే రోజులు అయిపోతాయి. ఎన్‌డూటులో పక్కనున్న ఎన్‌గోరోంగోరో రక్షిత ప్రాంతం వైపు భాగంలో బండి రోడ్డు దిగి వెళ్ళనిస్తారు, సెరెంగెటి పార్కులో అలా కుదరదు. అప్పుడే పుట్టిన దూడ పడుతూ లేస్తూ నిమిషాల్లో పరుగెత్తేస్తుంది, పరుగెత్తకపోతే చీతా ఉంది కదా. సఫారీలో నాకు దీనికే నూటికి నూరు మార్కులు. సెరెంగెటి మధ్యలోని సెరొనెరాలో చెట్టు మీద చిరుతని చూశాం, చుట్టూ బండ్ల ట్రాఫిక్ జామ్‌తో సహా.

ఎన్‌గోరోంగోరో క్రేటర్‌కి బండికే 250 డాలర్ల పైన ఫీజు, అందుకే ముగ్గురు నలుగురు పంచుకుంటేనే గిట్టుబాటు. 600 మీటర్ల లోతు గిన్నెలో సింహాలు, దంతాలు నేల తాకే ముసలి మగ ఏనుగులు, అదృష్టం ఉంటే నల్ల ఖడ్గమృగం. జిరాఫీలు ఉండవు, వెతక్కండి. భోజనం చేసేచోట గద్దలు చేతిలో ముక్క ఎగరేసుకుపోతాయి, బండిలోనే తినండి. అంచు మీద లాడ్జీలు రాత్రికి వందల డాలర్లు, క్యాంప్‌సైట్ చవక కానీ కొండ దిగొచ్చిన వాళ్ళకి మళ్ళీ ఆ చలి ఎందుకు, గంట దూరంలో కరాటూలో వేడినీళ్ళున్న మామూలు లాడ్జి తీసుకుని తెల్లారకముందే లేస్తే సరి. సెరెంగెటిలో మాత్రం పబ్లిక్ క్యాంప్‌సైటే తీసుకున్నాం, కంచె ఉండదు, రాత్రంతా హైనాల అరుపులు, వదిన టెంట్ జిప్ దాటి అడుగు బయట పెట్టలేదు. తరంగిరే పార్కు ఏనుగులకి ఫేమస్ కానీ అది జూన్ నుంచి అక్టోబర్ ఎండల్లో, ఫిబ్రవరిలో మందలు చెదిరిపోతాయి, అందుకే మేం వదిలేశాం. మన్యారా పార్కులో చెట్లెక్కే సింహాలు అని ఊరిస్తారు, అవి కనపడాలని రూలేం లేదు. బెలూన్ రైడ్ మనిషికి 600 డాలర్ల దాకా అన్నారు, మా అన్నయ్య "కింద నుంచి బెలూన్‌ని చూస్తాం చాలు" అన్నాడు. బట్టలు నీలం, నలుపు వద్దు, కుట్టే సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి.

మొత్తం ఫ్లైట్లు, టిప్పులు, అద్దె సామాన్లు అన్నీ కలిపి మనిషికి నాలుగు లక్షలు దాటింది. టిప్పులు ఇష్టముంటే ఇచ్చేవి అనుకోకండి, కొండ మీద టీమ్ మొత్తానికి కలిపి ఒక్కొక్కరం 200 నుంచి 300 డాలర్లు పక్కన పెట్టుకోవాలి. డాలర్ నోట్లు కొత్తవి, చిరుగు మడతలు లేనివి తీసుకెళ్ళండి, 2006కి ముందు నోట్లు ఎవరూ తీసుకోరు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు 6000 మీటర్ల దాకా ట్రెకింగ్ కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి, మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో ఉండదు. ప్లాస్టిక్ కవర్లు దేశంలోకే తీసుకెళ్ళకూడదు, 2019 నుంచి బ్యాన్, పచ్చళ్ళు డబ్బాల్లో సర్దండి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా ముందే వేయించుకోండి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు పడాలి, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్‌లో కూడా అడుగుతారు.