సీసీఆర్5 మూస్తే మేలా, సీఎక్స్‌సీఆర్4 మూస్తే మేలా?

ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే ప్రశ్న. మొన్న రావులపాలెం బస్సులో పాత స్టూడెంట్ ఒకడు కనబడి మళ్లీ అదే, "మేడంగారండీ, హెచ్‌ఐవీ మన రోగనిరోధక కణాల్లోకి దూరాలంటే కణం మీదుండే సీడీ4 అనే రిసెప్టర్‌తో (వైరస్ పట్టుకునే ప్రోటీన్) పాటు సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ ఇంకో రిసెప్టర్ కావాలి కదండీ, ఆ రెంటిలో ఏది మూసేస్తే మంచిదండీ?" అన్నాడు. దిగేలోపు మొత్తం చెప్పలేకపోయా, అందుకే రాస్తున్నా.

నా ఓటు సీసీఆర్5కే. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది దాదాపుగా దాన్ని వాడే రకమే, మన దేశంలో ఎక్కువగా ఉండే హెచ్‌ఐవీ సబ్‌టైప్ సీ అయితే జబ్బు ముదిరాక కూడా చాలావరకు దాన్నే పట్టుకుని ఉంటుంది. కానీ నేను ముందు చూసేది అది కాదు, మూసేస్తే మన ఒంటికి ఏమవుతుందీ అని.

పంటబోదె తూము మూస్తే ఆ నాలుగు చేలే ఎండుతాయి, ధవళేశ్వరం దగ్గర కాలవ తలుపులు దించేస్తే కోనసీమ మొత్తానికి నీళ్లుండవు. సీసీఆర్5 బోదె లాంటిది. దాని జీన్‌లో 32 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన కాపీలు అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వచ్చినవాళ్లు ఉత్తర యూరప్ మూలాల వాళ్లలో నూటికి ఒకరు దాకా ఉంటారు, మామూలుగానే బతుకుతున్నారు, వెస్ట్ నైల్ వైరస్ సోకితే మాత్రం వాళ్లకి కాస్త గట్టిగానే తగులుతుంది. హెచ్‌ఐవీ ఉన్న తిమోతీ రే బ్రౌన్‌కి బ్లడ్ క్యాన్సర్ వస్తే 2007లో బెర్లిన్‌లో అలాంటి దాత మూలకణాలే (రక్తకణాల్ని పుట్టించేవి) ఎక్కించారు, హెచ్‌ఐవీ కూడా పోయింది.

సీఎక్స్‌సీఆర్4 అలా కాదు, ఎముక మజ్జలో మూలకణాల్ని పట్టి ఉంచేదే అది. ఆ జీన్ తీసేసిన ఎలుక పిల్లలు పుట్టకముందో పుట్టగానేనో చచ్చిపోయాయి. దాన్ని మూసే ప్లెరిక్సాఫర్‌ని మొదట్లో హెచ్‌ఐవీ కోసమే పరీక్షించారు, తీరా చూస్తే మూలకణాలు మజ్జ వదిలి రక్తంలోకి వచ్చేస్తున్నాయి, చివరికి 2008లో ట్రాన్స్‌ప్లాంట్ కోసం మూలకణాలు సేకరించే మందుగా ఆమోదం వచ్చింది.

అలాగని సీసీఆర్5 ఒక్కటి మూస్తే అందరికీ సరిపోదు. జర్మనీలోనే ఇంకొకాయనకి అలాంటి కణాలే ఎక్కించినా సీఎక్స్‌సీఆర్4 వాడే వైరస్ మళ్లీ లేచింది. సీసీఆర్5ని మూసే మారావిరాక్ 2007 నుంచీ ఉంది గానీ, మొదలుపెట్టే ముందు ఒంట్లో వైరస్ ఏ రిసెప్టర్ వాడే రకమో చూసే ట్రోపిజం టెస్ట్ చేయాలి.

సీడీ4 మీదే పనిచేసే ఇబాలిజుమాబ్ కూడా ఉంది, మిగతా మందులకి లొంగని వైరస్ ఉన్నవాళ్లకి.

వాడు దిగుతూ దిగుతూ "ఆ 32 అక్షరాలు లేనోళ్లు మన దగ్గరుంటారాండీ?" అన్నాడు. మన దేశంలో చాలా అరుదు నాన్నా.