8,400 అన్నారు, 140తో పోయింది

ముందే చెప్తున్నా, ఇది పెద్ద కంపెనీ రివ్యూ కాదు. సొంత వ్యాన్‌లో ఒక్కడే తిరిగే ఫర్నేస్ (ఇల్లంతా వెచ్చబరిచే గ్యాస్ మెషీన్) మెకానిక్ గురించి. వ్యాన్ మీద పేరు కూడా ఉండదు.

మేముండేది చికాగో పక్కన నేపర్‌విల్‌లో. పోయిన జనవరిలో, బయట మైనస్ 9 ఫారెన్‌హీట్ ఉన్న రోజు తెల్లవారుజామున హీటింగ్ ఆగిపోయింది. మావారు ఆఫీసు పని మీద డాలస్‌లో ఉన్నారు. ఇంట్లో నేను, పాప, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. థర్మోస్టాట్‌లో 68 పెట్టి ఉంది, ఇల్లు మాత్రం 59కి దిగిపోయింది. మామయ్య మంకీ క్యాప్ మీద శాలువా, శాలువా మీద నా జాకెట్ వేసుకుని సోఫాలో కూర్చున్నారు. అత్తయ్యేమో "స్టవ్ నాలుగు బర్నర్లూ వెలిగిస్తే సరిపోదటమ్మా?" అన్నారు. తలుపులు బిగించిన ఇంట్లో గంటల తరబడి గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు అని చెప్తుండగానే, "కుంపటి పెట్టుకుని తలుపులేసుకుంటే పోయినట్టా" అని ఆవిడే అన్నారు. ఇంక స్టవ్ మాట ఎత్తలేదు. పైపులు గడ్డకట్టకుండా కుళాయిలన్నీ సన్నటి ధారగా వదిలి ఫోన్లు మొదలుపెట్టాను.

మొదట వచ్చింది ఒక పెద్ద కంపెనీ కుర్రాడు. వస్తూనే "మీ ఆయన ఇంట్లో ఉన్నారా?" అని అడిగాడు. బేస్‌మెంట్‌లో పది నిమిషాలు ఉన్నాడేమో, పైకొచ్చి హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంట్లో గాలికి అందించే లోహపు భాగం) పగిలింది, ఇది నడపడం ప్రమాదం, కొత్తది 8,400 డాలర్లు, కావాలంటే నెలనెలా కట్టుకోవచ్చు, ఇవాళే సంతకం పెడితే రేపు బిగిస్తాం అన్నాడు. పగులు ఎక్కడుందో ఫోటో చూపించమంటే కెమెరా తేలేదన్నాడు. చేతిలో ఫోన్ ఉంది! చూడ్డానికొచ్చినందుకు 99 తీసుకుని వెళ్ళిపోయాడు.

ఎక్స్ఛేంజర్ నిజంగా పగిలితే అది ఆటల వ్యవహారం కాదు, పొగలో ఉండే విషవాయువు ఇంట్లో తిరిగే గాలిలో కలవచ్చు. అందుకే భయపడ్డాను. కానీ ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఒక్కటీ మోగలేదు. ఎదురింటావిడ ఈ మెకానిక్ నంబరు ఇచ్చింది. నాలుగుసార్లు చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెడితే రెండు గంటల తర్వాత "సాయంత్రం 4కి" అని జవాబు. వచ్చింది ఆరున్నరకి. అప్పటికి ఇల్లు 52.

అరవై దాటిన మనిషి. ఫర్నేస్ తలుపు ఊడదీసి, కంట్రోల్ బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మినుకుమంటోందో లెక్కపెట్టి, తలుపు లోపల అంటించిన కోడ్‌ల కాగితంతో పోల్చాడు. తర్వాత కరెంటు ఆపి మళ్ళీ వేసి, నన్ను కూడా వంగి చూడమన్నాడు. ముందు చిన్న ఫ్యాను తిరిగింది, మంట అంటించే ఇగ్నైటర్ నారింజ రంగులో కాలింది, గ్యాస్ వాల్వ్ టక్కుమంది, భుస్సుమని నీలి మంట వచ్చింది. నాలుగు సెకన్లు. ఆరిపోయింది. అలా మూడుసార్లు చేసి మొరాయించింది. మంట వస్తోంది, కానీ మంట వచ్చిందని బోర్డుకి తెలియట్లేదు, అందుకే అది గ్యాస్ కట్టేస్తోంది అన్నాడు.

మంట వచ్చిందని చెప్పేది ఫ్లేమ్ సెన్సర్. పెన్సిల్ కంటే సన్నగా ఉండే కడ్డీ, ఒకే ఒక్క స్క్రూ. పీకి నా చేతిలో పెట్టాడు, కొసన బూడిద రంగు పొర. సన్నటి స్టీల్ ఉన్నితో నాలుగు రుద్దులు రుద్ది మళ్ళీ బిగించాడు. మంట ఉన్నప్పుడు సెన్సర్ పంపే కరెంటు మీటర్‌లో అంతకుముందు 0.4 మైక్రోఆంపులున్నది 3.8కి వచ్చింది. మంట నిలబడింది, అర నిమిషం తర్వాత పెద్ద బ్లోయర్ తిరిగి వెచ్చటి గాలి రాగానే పైనుంచి మామయ్య "వచ్చిందొచ్చింది!" అని కేక.

అంతటితో వదల్లేదు. పాము లాంటి చిన్న కెమెరా లోపలికి దూర్చి ఎక్స్ఛేంజర్ మొత్తం నాకు స్క్రీన్ మీద చూపించాడు. పగులు లేదు. పొగగొట్టంలో కార్బన్ మోనాక్సైడ్ కూడా కొలిచాడు, బాగానే ఉందన్నాడు.

ఆ తర్వాత ఫిల్టర్ లాగి నా వైపు చూసి నవ్వాడు. పసుపు రంగుకి తిరిగి జిడ్డు జిడ్డుగా ఉంది. మా ఇంట్లో పోపులు, పైగా దేవుడి దగ్గర అగరొత్తులు. తెల్లవాళ్ళ ఇంట్లో మూడు నెలలొచ్చే ఒక అంగుళం ఫిల్టర్ మీకు నెలకే నిండుతుందన్నాడు. నేను మంచిదని మెర్వ్ 13 వేశాను (మెర్వ్ అంటే ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్ము పడుతుందో చెప్పే నంబరు), అంత దట్టమైనది గాలి తిరిగే మా పాత డక్టులకి ఊపిరాడనివ్వదట, గాలి ఆడక ఫర్నేస్ వేడెక్కి, వేడి మితిమీరితే మంట ఆపేసే లిమిట్ స్విచ్ పడిపోతుందట. మెర్వ్ 8 వేసి నెలనెలా మార్చమన్నాడు. 16x25 సైజు, ఆరింటి పెట్టె తెచ్చి పెట్టుకున్నాను. వంట చేసేటప్పుడు చిమ్నీ వేయండి అని కూడా అన్నాడు, అది అత్తయ్యకి అనువదించి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మొత్తం 140 డాలర్లు. కార్డు తీసుకోడు, బిల్లు పుస్తకంలో చేత్తో రాసిస్తాడు, ఆ రాత చదవడం కష్టం. వారంటీ కోసం కాగితాలు కావాల్సినవాళ్ళకి ఇది ఇబ్బందే. అక్టోబరులో సర్వీసింగ్‌కి పిలిస్తే కూడా మూడో మెసేజ్‌కి గానీ పలకలేదు. అయితే వచ్చాక సెన్సర్, బర్నర్లు తుడిచి, పొగలోని ఆవిరి చల్లారి చేరే నీళ్ళు పోయే ప్లాస్టిక్ గొట్టంలో పాచి కడిగి, గంటన్నర పని చేసి 120 తీసుకున్నాడు. మీ ఫర్నేస్‌కి పొగ తెల్ల పీవీసీ గొట్టంలోంచి పోతుంటే ఆ నీళ్ళ గొట్టం తప్పకుండా కడిగించండి, అది పూడుకుపోయినా హీటింగ్ ఆగిపోతుంది.

సెన్సర్ తుడవడం ఇప్పుడు మావారు నేర్చుకున్నారు, కరెంటూ గ్యాసూ ఆపి చేసుకోవచ్చు. గ్యాస్ వాల్వ్ జోలికి మాత్రం వెళ్ళనివ్వను.

5కి 4 ఇస్తున్నా. ఆ ఒక్కటీ ఫోన్ ఎత్తనందుకు.