ఒంటికాలి కర్రా, నాలుగు కాళ్ల కర్రా: ఏది మేలు?

కాళ్లు ఎక్కువుంటే పడిపోమన్న నమ్మకంతో చాలామంది నాలుగు కాళ్ల కర్ర కొంటారు. మోకీళ్లో, తుంటో అరిగి, నడక మాత్రం బాగానే సాగుతున్నవాళ్లకు ఒంటికాలి కర్రే మేలు. నాలుగు కాళ్లూ ఒక్కసారిగా నేలకు ఆనితేనే ఆ కర్ర ఆసరా. కాస్త వేగంగా నడిస్తే ఒక జత ముందు తగిలి, రెండో జత తర్వాత పడి ఊగుతుంది. గతుకుల వీధిలోనూ గడప దగ్గరా ఒక కాలు గాల్లోనే ఉండిపోతుంది. ఇరుకు మెట్ల మీద దాని అడుగు పట్టదు.

పక్షవాతంతో ఒకవైపు బలహీనపడి, ఇంట్లో చదును గచ్చు మీద నెమ్మదిగా నడిచేవారి సంగతి వేరు. వాళ్లకు నాలుగు కాళ్ల కర్ర నిజమైన అండ. వదిలినా నిలబడే ఉంటుంది కాబట్టి, ఉన్న ఒక్క చేత్తో తలుపు గొళ్లెం తీసుకోవచ్చు. కర్ర కాళ్లు ఎక్కువగా చాచిన వైపు ఒంటికి అవతల ఉండాలి. తిప్పి పట్టుకుంటే సొంత పాదమే దానికి తగిలి తూలుతారు.

ఒంటికాలి కర్రలోనూ పిడి చూసి కొనాలి. వంకీ పిడి మోచేతికి తగిలించుకోవడానికి వీలే, కానీ బరువు కర్ర నడిమికి దిగదు, మణికట్టు మీద పడుతుంది. హంసమెడలా వంగిన పిడిలో బరువు నేరుగా కిందికి దిగుతుంది. రోజంతా వాడేవాళ్లకు అదే మంచిది.

ఏది కొన్నా ఎత్తు సరిగా ఉండాలి. రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి 15 నుంచి 30 డిగ్రీలు వంగాలి. పొడవైతే భుజం లేస్తుంది, పొట్టైతే నడుం వంగుతుంది. కుడికాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో పట్టి, కర్రనూ నొప్పికాలినీ కలిపి వేయాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్ర, నొప్పికాలు ముందు.

అడుగున రబ్బరు బుష్ మీది గాడులు అరిగి నున్నబడితే వెంటనే మార్చండి. తడి టైల్స్ మీద కర్ర జారేది అక్కడే.

2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అర్హులైన పేద వృద్ధులకు రెండు రకాలూ ఉచితమే. శిబిరంలో చేతికిచ్చింది తీసుకొచ్చేయకుండా, అక్కడే పది అడుగులు వేసి చూడండి.

కర్ర పట్టుకున్నా రెండో చెయ్యి గోడ కోసం వెతుకుతుంటే ఈ రెండూ చాలవు. ఫిజియోథెరపిస్టుకు చూపించి వాకర్ సంగతి అడగాలి.